ప్రశ్న వారసత్వం: తెనాలి హేతువాద కుటుంబంలో నీతిశిక్షణ – గోపీచంద్ సాక్ష్యం

దైవభక్తి లేని ఇంట పిల్లలకు నీతి ఎలా అబ్బుతుందన్న సందేహం ఆంధ్రదేశంలో కేవలం తాత్త్విక చర్చగా మిగిలిపోలేదు. ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధంలో కొన్ని కుటుంబాలు దీనిని పెంపకానికి సంబంధించిన చిక్కుగా ఇంట్లోనే ఎదుర్కొన్నాయి. వాటిలో తెలుగు సాహిత్యంలో స్పష్టమైన జాడ వదిలినది గుంటూరు మండలం తెనాలిలోని త్రిపురనేని వారి కుటుంబం.

కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి తెనాలిలో స్థిరపడ్డారు. తమ నివాసానికి సూతాశ్రమమని పేరు పెట్టుకున్నారు. సూతపురాణం, శంబుకవధ మొదలైన ఆయన రచనలను పురాణ నిరాకరణగా పేర్కొనడం పరిపాటి. నిరాకరణ ఒక్కటే లక్ష్యమైతే పురాణాలను పక్కన పెట్టి ఊరుకోవచ్చు. ఆయన మాత్రం వాటినే పట్టుకుని విచారణకు నిలబెట్టారు. తపస్సు చేసిన శూద్రుణ్ణి రాముడు వధించడం న్యాయమా అని అడగాలంటే, న్యాయానికి రాముడికి వెలుపల ఒక కొలత ఉండాలి. ఆ కొలతను మనిషి తన బుద్ధితోనే సంపాదించుకోవాలి. కవిరాజు నీతిశిక్షణకు మూలం ఇదే. పెళ్లి తంతును వధూవరులకు అర్థమయ్యే తెలుగులో కూర్చిన వివాహవిధిలోనూ ఇదే దృష్టి పనిచేసింది. తనకు తెలియని మాటతో చేసిన ప్రమాణానికి మనిషి ఎలా బాధ్యుడవుతాడు?

ఈ పెంపకం ఫలితమేమిటో చెప్పదగినవారు ఆయన కుమారుడు గోపీచంద్ (1910–1962). తండ్రి మరణించిన కొద్ది సంవత్సరాలకే రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’ను ఆయన తండ్రికే అంకితమిచ్చారు. ఎందుకని ప్రశ్నించడం నేర్పినందుకు కృతజ్ఞతగా ఇచ్చిన ఆ అంకితాన్ని ఉదాహరించని విమర్శకులు అరుదు. దానిని నవలతో కలిపి చదివినవారు మాత్రం తక్కువ.

కలిపి చదివితే ఇబ్బంది ఎదురవుతుంది. కథానాయకుడు సీతారామారావు కూడా ప్రశ్నించేవాడే. మనుషుల ప్రేమను, దయను, సంసారాన్ని తర్కంతో తూట్లు పొడుస్తాడు. ఏ నమ్మకమూ నిలవక, ఏ పనీ చేయలేక చివరకు శ్మశానంలో అంతమవుతాడు. ప్రశ్నించడం నేర్పిన తండ్రికి, ప్రశ్నలతో నశించిన మనిషి కథను కానుకగా ఇవ్వడమేమిటి? దేవుడు లేని నీతి ఇలాగే ముగుస్తుందని కొడుకు మర్యాదగా చెప్పినట్లు భావించే అవకాశం లేకపోలేదు.

ఈ వ్యాసకర్త అభిప్రాయం వేరు. సీతారామారావుకు తండ్రి నుంచి సంక్రమించినది ప్రశ్న కాదు, వంశప్రతిష్ఠను నిలబెట్టాలన్న ఆదేశం. ఆస్తిని కరగబెట్టినదీ, మనసును కుళ్లబెట్టినదీ ఆ ప్రతిష్ఠే. లోకంలోని సమస్తాన్నీ ప్రశ్నించే ఆ మనిషి దానిని మాత్రం సూటిగా ఎదుర్కోలేకపోయాడు. అంటే అతనిలో ప్రశ్న ఎక్కువై కాదు, చేరవలసిన చోటికి చేరక చెడింది. ఈ దృష్టితో చూస్తే అంకితానికీ కథకూ వైరుధ్యం లేదు.

గోపీచంద్ జీవితం ఈ పెంపకాన్ని మరింత కఠినంగా పరీక్షించింది. ఎం.ఎన్. రాయ్ భావాలతో కొంతకాలం నడిచిన ఆయన తరువాత అరవిందుని తత్త్వం వైపు మళ్లారు. హేతువాదులలో కొందరికి ఇది ఓటమిగా కనిపించవచ్చు. కాని ప్రశ్నను నేర్పిన తండ్రి జవాబును కూడా ముందే నిర్ణయించి ఉంటే, అది మరో మతబోధే అయ్యేది. తండ్రి నిర్ధారణలను కొడుకు దాటిపోగలగడం ఆ శిక్షణలోనే ఇమిడి ఉన్న సాధ్యత.

కృష్ణ అవతలి ఒడ్డున గోరా దంపతులు పట్టిన మార్గం దీనికి భిన్నం. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, సరస్వతి తమ పిల్లలకు దేవుళ్ల పేర్లు పెట్టలేదు. ఉప్పు సత్యాగ్రహపు ఏట పుట్టినవాడు లవణం, ప్రపంచయుద్ధం మొదలైన ఏట పుట్టినవాడు సమరం. ఇక్కడ నీతి వాదంగా కాక ఆచరణగా అందింది. పెద్దకుమార్తె మనోరమను దళిత యువకుడైన అర్జునరావుకు ఇచ్చి చేయ నిశ్చయించినప్పుడు, దేవునికి బదులు సత్యం పేరిట ఆ వివాహం జరిపించడానికి గాంధీజీ అంగీకరించారు. ఆయన హత్యానంతరం, 1948 మార్చి 13న సేవాగ్రామంలో ఆ పెళ్లి జరిగింది. అర్థంకాని మంత్రానికి బదులు తెలిసిన మాట ఉండాలన్న కవిరాజు పట్టుదలే మరో దారిలో అక్కడికి చేరిందనిపిస్తుంది.

1960లో లవణం, వినుకొండలో పుట్టిన జాషువా కుమార్తె హేమలతను వివాహమాడారు. ‘గబ్బిలం’ కవి బిడ్డ అలా నాస్తికుల ఇంట కోడలైంది. గోపీచంద్ మరణానంతరం 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన నవల పేరు ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’. పెద్దలు పిల్లలకు ఏమి వదిలి వెళ్తారన్న విచారం చివరిదాకా ఆయనను వదలలేదు.