మోటారుబండి దాహము



నేను కొడకండ్ల వాస్తవ్యుడను. జీవితమంతయు పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. గురువుల యొద్ద నేర్చినది వ్యాకరణము, కావ్యములు. అట్టివాడు మోటారుబండి యింజనును గూర్చి ప్రసంగింప బూనుట చూచి మీరు నవ్వుకొనవచ్చును. కాని యీ విషయమున నేను చేసిన పొరపాటు ఒకటి కలదు. చరిత్రను సగమే తెలిసికొని, అదియే సర్వమని నమ్ముట ఆ పొరపాటునకు మూలము. కావున ముందుగా చరిత్రను చెప్పి, పిదప నా తప్పును మీ యెదుట ఒప్పుకొందును.

మన పెద్దల యెడ్లబండిని తలచుకొనుడు. ఇరుసునకు కందెన పెట్టకున్నచో బండి కీచుకీచుమని అరచెడిది. ఎద్దు దప్పిగొన్నచో నాలుక వెడలబెట్టి నిలిచిపోయెడిది. కందెనయు నీరును కావలెనని ఆ రెండును తమంతట తామే తెలిపెడివి. మోటారుబండికిని ఆ రెండే కావలెను. అయితే అది అరవదు. బాధ ముదిరిన పిదపనే తెలియజేయును.

ఇంజనునకు నీరేల? ఇంజను లోపల నూనె మండును. ఆ మంట వలన పుట్టిన వేడిని మూడు పాళ్లు చేసితిమేని, రమారమి ఒక పాలు చక్రములను త్రిప్పును. ఒక పాలు పొగగొట్టము వెంట వెడలిపోవును. మిగిలిన పాలు ఇంజను లోహమునకే పట్టును. దానిని ఎప్పటికప్పుడు తీసివేయకున్నచో కొన్ని నిమిషములలోనే లోహము వ్యాకోచించి, లోపలి కదలుబొదలు బిగిసిపోవును. దానినే మన డ్రైవర్లు ఇంజను పట్టేసినదందురు. కావున మోటారు చరిత్ర యనగా నిప్పు పుట్టించిన చరిత్ర మాత్రమే కాదు. నిప్పును చల్లార్చిన చరిత్ర కూడ.

జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ అను నాతడు 1886వ సంవత్సరమున మోటారుబండికి పేటెంటు పొందెను. ఆ బండిలో నీరు ఇంజను చుట్టును కాగి, ఆవిరియై గాలిలో కలిసిపోయెడిది. 1888 ఆగస్టులో ఆతని భార్య బెర్తా, ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు ఆ బండిమీద ప్రయాణము చేసెను. దూరము సుమారు 100 కిలోమీటర్లు. అంతకుముందు అంత దూరము మోటారుబండిపై పోయినవారు లేరు. ఆమె దారి పొడుగునను పలుమార్లు బండి నాపి నీరు నింపవలసి వచ్చెను. మోటారు దాహమును తొలుదొల్త గుర్తెరిగి తీర్చినది ఒక యిల్లాలు అనుట న్యాయమే.

ఆవిరియై పోవు నీటిని మరల పట్టి చల్లార్చుట యెట్లను ప్రశ్నకు విల్‌హెల్మ్ మేబాఖ్ అను జర్మను శిల్పి మంచి సమాధానము కనిపెట్టెను. 1901 నాటి మెర్సిడిస్ బండికి ఆతడు తేనెపట్టు వంటి రేడియేటరును అమర్చెను. అందు 8,070 సన్నని గొట్టములు ఉండెను. గొట్టముల నడుమ నీరు, గొట్టముల లోపల గాలి. వెడల్పాటి పళ్లెములో పోసిన పాలు చెంబులోని పాలకంటె త్వరగా చల్లారుట మనమెరిగినదే. మేబాఖ్ చేసిన పనియు అదియే. గాలి తగులు తావును పెంచినాడు. అందుచేత కొద్ది నీటితోనే పని జరిగినది.

అటుపిమ్మట అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908 నుండి 1927 వరకు టీ నమూనా బండ్లను కోటిన్నరకు పైగా చేయించెను. వానిలో అత్యధిక భాగమునకు నీటిని త్రిప్పు పంపే లేదు. ఎసరు కాగునపుడు అడుగునీరు పైకి లేచుటయు, పైనీరు క్రిందికి దిగుటయు చూచుచున్నాము గదా! ఆ స్వభావము చేతనే నీరు ఇంజను నుండి రేడియేటరునకును, రేడియేటరు నుండి ఇంజనునకును తిరిగెడిది. అందలి నీరు తగ్గినచో ఆ తిరుగుడు ఆగిపోయెడిది. అందుచేత మూత తీసి నీరు చూచుట ఆ కాలపు డ్రైవరునకు నిత్యవిధి.

ఇక మన నేలకు వత్తము. హైదరాబాదు సంస్థానమున తొలుత మోటార్లు నిజాముగారికిని, జాగీర్దార్లకును, దొరలకును మాత్రమే దక్కినవి. సామాన్యునకు మోటారు అందినది బస్సు రూపమున. 1932వ సంవత్సరమున నిజాము స్టేటు రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను ఆరంభించెను. స్కాట్లండు దేశమునుండి వచ్చిన ఆల్బియన్ బస్సులు ఆనాడు నడచినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరవై, దక్షిణదేశమున పలుచోట్ల బొగ్గు బస్సులు వచ్చెను. వానిలో బొగ్గు కాల్చగా పుట్టిన వాయువును సైతము చల్లార్చి, వడగట్టి, అటుపిమ్మటనే ఇంజనునకు పంపవలసి యుండెను. 1951 నవంబరులో ఆ బస్సు శాఖ రైల్వేనుండి విడివడి హైదరాబాదు రాష్ట్రప్రభుత్వము క్రిందికి వచ్చెను. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను.

నా చిన్నతనమున నేను చూచినది ఆ సంస్థ ఎర్రబస్సును. ఎండకాలమున అది దారిప్రక్కన బావిగడ్డ యొద్ద ఆగెడిది. ముందరి రేకుతలుపు ఎత్తగా బుసబుసమని ఆవిరి. మేము పిల్లలము పోటీపడి చేదతో నీరు తోడి డబ్బా నింపి యిచ్చెడివారము. డ్రైవరు వెంటనే మూత తీసెడివాడు కాడు. చెట్టునీడను కూర్చుండి బీడి కాల్చుకొని, మరల వచ్చి, తడిసిన గోనెగుడ్డను మూతపై కప్పి, మొగము ప్రక్కకు త్రిప్పుకొని, కొంచెము కొంచెముగ సడలించెడివాడు. నీరు పోయునప్పుడును ఇంజను తిరుగుచుండగా నెమ్మదిగ పోసెడివాడు.

పెద్దవాడనైన పిదప నేను ఆ నీటిని మాత్రము జ్ఞాపకముంచుకొంటిని; గోనెగుడ్డను మరచితిని. నా తప్పు ఇక్కడనే ఆరంభమైనది.

మా మేనల్లుడు ఒకరు వాడిన కారును కొనెను. సంవత్సరమున కొకమారు పచ్చని కూలెంటు కొని పోయుచుండగా చూచి నేను మందలించితిని. “ఏందిరా, ఈ పచ్చనీళ్లకు పైసలెందుకు? మా చిన్నప్పుడు బస్సులన్నీ బాయినీళ్లతోనే నడిచినయి గదా!” అంటిని. మామ మాట కాదనలేక ఆతడు మా యింటి బావినీరే పోయసాగెను. ఇట్లు మూడు వేసవులు గడచెను.

2019 మే నెలలో ఒకనాటి మధ్యాహ్నము మా అక్కకు గుండెలో నొప్పి వచ్చెను. ఆమె ఆతని తల్లి. కారులో వరంగల్లునకు బయలుదేరితిమి. సగము దారిలో “ముల్లు పైకి పోతున్నది మామా” అని మేనల్లుడు బండి ఆపెను. లోపల నీరు సలసల మసలుచున్నది. వెనుక అక్క మూలుగుచున్నది. నేను తొందరపడి, “మూత తియ్యి, నీళ్లు పోద్దాం” అంటిని. ఆతడు తీసెను. మసలు నీరు ఎగజిమ్మి ఆతని కుడిచేతిని మోచేతి వరకు కాల్చెను. పుణ్యాత్ముడెవరో ఆటో ఆపి అక్కను ఎక్కించుకొనెను. ఆమె సకాలమున ఆసుపత్రి చేరి బ్రతికినది. మేనల్లుని చేతిమీది మచ్చ మాత్రము మానలేదు. ఆతడు నన్ను ఒక్కమాట అనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

తరువాత మెకానిక్కు రేడియేటరును విప్పి లోపలి తెల్లని పెచ్చును గోటితో గీకి చూపెను. “గిది మీ బాయినీళ్ల సున్నం సారూ. కుండకు పట్టినట్టు పట్టింది” అనెను. గొట్టములు సగము పూడుకొనిపోయినవి. హెడ్డు వంగినది. గాస్కెటు పోయి, ఇంజను ఆయిలులో నీరు కలిసి, అది చిక్కని చాయ వలె మారినది. కాగిన నీళ్లకుండ అడుగున తెల్లని పొర కట్టుట మన యిండ్లలో ప్రతిదినమును చూచునదే. దానిని ఇంజనుతో కలిపి ఆలోచింపలేకపోతిని.

నాటి బస్సునకు చెల్లిన బావినీరు నేటి కారునకేల చెల్లదు? ఆ ప్రశ్నకు సమాధానము నేను వదలివేసిన సగము చరిత్రలో నున్నది. నాటి ఇంజను దళసరి ఇనుము. నేటి ఇంజనులలో తేలికకై అల్యూమినియమును విరివిగా వాడుదురు. వేడికి అది ఇనుముకంటె ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును. వేడిమి మీరెనేని త్వరగా వంగును. నాటి రేడియేటరు గొట్టములు వెడల్పు; నేటివి సన్నము, త్వరగా పూడును. మరియు నేటి రేడియేటరు మూత లోపలి నీటిని ఒత్తిడిలో బంధించి యుంచును. మామూలుగా నీరు 100 డిగ్రీలకు మసలును. గాలి ఒత్తిడి రెట్టింపైనచో 120 డిగ్రీల వరకు మసలదు. మూత తీసిన క్షణమున ఒత్తిడి తొలగి, ఆ నీరంతయు ఒక్కసారిగ మసలి ఎగయును. మా వాని చేయి కాలినది అందుచేతనే.

ఆ పచ్చని ద్రవము రంగునీరు కాదు. గ్లైకాల్ అను పదార్థమును నీటితో కలిపి, తుప్పు పట్టకుండ మందులు చేర్చినది. ఫ్రెంచి రసాయనవేత్త వూర్ట్జ్ 19వ శతాబ్ది నడుమ ఆ పదార్థమును తొలుత తయారుచేసెను. చలిదేశములలో నీరు గడ్డకట్టకుండుటకు దానిని వాడిరి. మనకు మంచుబాధ లేదు. కాని మసలు వేడిని పెంచుటయు, తుప్పును ఆపుటయు మనకును కావలసినవే.

ఇక చేయవలసిన పనులు. ఉదయము ఇంజను చల్లగా నున్నపుడు, సమమైన నేలమీద, కూలెంటు డబ్బాపై రెండు గీతల నడుమ ద్రవమున్నదో లేదో చూడవలెను. ఏ రకము పోయవలెనో బండితో నిచ్చిన పుస్తకమున నుండును. రంగు చూచి నమ్మరాదు. రెండు రకములు కలుపరాదు. నీరు కలుపవలసినచో బ్యాటరీలో పోయు శుద్ధజలమే కలుపవలెను. దారిలో గత్యంతరము లేనపుడు, ఇంజను పూర్తిగ చల్లారిన పిదప, మంచినీరు పోసి యిల్లు చేరవచ్చును. తరువాత దానిని తీయించి కడిగింపవలెను. ముల్లు పైకి పోయినచో బండిని నీడకు చేర్చి ఇంజను ఆపవలెను. మూతమీద చేయి ఉంచగలిగినంత చల్లబడువరకు దానిని ముట్టరాదు. కాలుచున్న ఇంజనుపై చన్నీరు కుమ్మరింపరాదు, లోహము పగులును.

ఇంజను ఆయిలు కొలతకడ్డిని తుడిచి, ముంచి, మరల తీసి రెండు గుర్తుల నడుమ నున్నదో లేదో చూడవలెను. ఆయిలు పాలు కలిసినట్లు కనబడెనేని బండి కదలింపరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరినది వేడికి మసలి, పెడలు లోనికి దిగిపోవును; అందుచేత సామాన్యముగ రెండేండ్ల కొకమారు మార్పించవలెను. కడపటి మాట అతి ముఖ్యమైనది. పారబోసిన కూలెంటు తియ్యగా నుండును, అది విషము. కుక్కయైనను, దూడయైనను, పసిబిడ్డయైనను త్రాగినచో ప్రాణాపాయము. దానిని కాలువలోను, బావి దరిని పోయరాదు.

శ్రోతలారా! పూర్వులనుండి మనము తీసికొనవలసినది వారి బావినీరు కాదు, వారి ఓపిక. ఆ డ్రైవరు చెట్టునీడను కూర్చున్న గడియ యంతటి విలువగలది నేనేమియు బడిలో నేర్పలేదు. నేడు మన యూళ్లలో ఇంటింట ట్రాక్టరో, ఆటోయో, కారో యున్నది. నడపువారు మన బిడ్డలే. పొలమునుండి వచ్చిన కొడుకును అరుగుమీది తాత “ఎడ్లకు నీళ్లు పెట్టినవా బిడ్డా?” అని అడిగెడివాడు. బండి తీయబోవు మనుమని ఇప్పుడు మీరును అడుగుడు: “నీళ్లు చూసినవా బిడ్డా? ఆయిలు చూసినవా?”

సెలవు.