భూక్‌కీ ఒక తారీఖ్ ఉంది

ఉర్దూలో తినేవన్నీ అన్నం, రొట్టెలే కావు. కసమ్ తింటాం, మార్ తింటాం, ధోకా తింటాం, ఎవరి మీదనో తరస్ తింటాం. గమ్ కూడా తింటాం, గుస్సానైతే తాగేస్తాం. తెలుగేం తక్కువ కాదు. తిట్లు తింటాం, తన్నులు తింటాం, దుఃఖాన్ని దిగమింగుతాం. జర్మన్లకైతే ‘కుమ్మర్‌ష్పెక్’ అని ఒక లఫ్జ్ ఉంది. దిగులుతో తిని ఒంటికి పట్టించుకున్న కొవ్వు అని దాని మతలబ్. ‘ఎమోషనల్ ఈటింగ్’ అని ఇప్పుడు డైటీషియన్లు చెప్తున్న దాన్ని జబాన్లు ఎప్పుడో పసిగట్టాయి.

దీన్ని సిరిసిల్లతో కలిపి రాయడానికి ఒక వజహ్ ఉంది. మానేరు ఒడ్డున ఉన్న ఈ ఊర్లో ఇప్పుడు ఎవరింటికి పోయినా షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు, బరువు, ఇవే ముచ్చట్లు. దవాఖానకు పోయి వచ్చినవాళ్లకు ఇంట్లో అందరూ చెప్పే మాట ఒక్కటే: నోరు కట్టుకో. రెండు నెలలు కట్టుకుంటారు. మూడో నెలలో కట్టు తెగుతుంది. ఆ తర్వాత మిగిలేది షర్మ్. ‘నాకే కంట్రోల్ లేదు’ అని తమ మీద తామే ఇల్జామ్ వేసుకుంటారు. నాకు ఏతరాజ్ ఆ ఇల్జామ్ మీదే. ఒకప్పుడు నేతన్నల చావులు చూసి పేపర్లు ఇదే ఊరిని ‘ఉరిసిల్ల’ అని రాశాయి. అట్లాంటి ఊరి కడుపును దాని తారీఖ్ పక్కన పెట్టి చూడటం ఇన్సాఫ్ కాదు.

ముందు హకీముల సంగతి. యూనానీ తిబ్‌లో ఆకలి రెండు రకాలు: ఇష్తిహా-ఎ-సాదిఖ్, ఇష్తిహా-ఎ-కాజిబ్. సచ్చీ భూక్, ఝూటీ భూక్ అనుకోండి. ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’లో ఆకలి లేకుండా తినొద్దన్నాడు. నిజంగా ఆకలి పొంగినప్పుడు ఆలస్యం చేయొద్దని కూడా అన్నాడు. నషాలో ఉన్నవాడికి కలిగే ఝూటీ భూక్‌కు మాత్రం ఆ రియాయత్ లేదు. ఎంత తిన్నా తీరని ఆకలిని ఆ కాలపు తబీబులు కుక్క ఆకలి అన్నారు. ఇంకో మరజ్‌కు ‘జూఉల్ బఖర్’, అంటే ఎద్దు ఆకలి, అని పేరు. ఇంగ్లీషు డాక్టర్లు వాడే ‘బులీమియా’ గ్రీకులో అచ్చంగా అదే మాట. ఇబ్నె సీనా కన్నా ముందే అబూ జైద్ అల్ బల్ఖీ (850–934) ఒంటి సేహత్‌ను, మనసు సేహత్‌ను ఒకే కితాబులో పెట్టి రాశాడు. ఒకటి చెడితే రెండోదీ చెడుతుందన్నాడు.

ఈ తక్సీమ్ ఇప్పటికీ పనికొస్తుంది. కానీ హకీం సాబ్ నుస్ఖా దస్తర్‌ఖాన్ ఉన్నవాళ్ల కోసం రాసింది. ఆయన ముందు కూర్చున్న మరీజ్ అమీరో, వజీరో. ఫాఖా చేసిన కడుపుకు సచ్చీ భూక్ ఎక్కడ ఆగుతుందో, ఝూటీ భూక్ ఎక్కడ మొదలవుతుందో ఆ కితాబుల్లో దొరకదు. అది తెలియాలంటే ఖహత్‌ల తారీఖ్ తిరగేయాలి.

మన పెద్దలు కరువులకు పేర్లు పెట్టుకున్నారు. గుంటూరు వైపు 1832–33లో వచ్చింది డొక్కల కరువు. 1876–78లో వచ్చింది ధాత కరువు. ఆ రెండోసారి మద్రాసు ప్రెసిడెన్సీలో, నిజాం రియాసత్‌లో, మైసూరులో జనం పిట్టల్లా రాలారు. కరువు పనులకు వచ్చిన మగ మజ్దూర్‌కు రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని సర్ రిచర్డ్ టెంపుల్ హిసాబ్ కట్టాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఈ టెంపులే అంతకు పదేళ్ల ముందు హైదరాబాద్‌లో రెసిడెంటుగా కూర్చున్న మనిషి. మద్రాసు సానిటరీ కమిషనర్ కార్నిష్ దీనికి అడ్డం తిరిగాడు. రాళ్లు కొట్టే మనిషి ఆ గింజలతో బతకడని వాదించాడు. మనిషికి ఎంత తిండి కావాలి అనే బహస్ మన దగ్గర బరువు తగ్గడం కోసం మొదలు కాలేదు, చావకుండా ఎంతకు ఆపొచ్చు అన్న లెక్కతో మొదలైంది.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం, లెవీ గల్లా. పండించిన రైతు ఇంట్లోంచే నిజాం సర్కారు గింజలు కొలిచి తీసుకుపోయింది. తెలంగాణ రైతులు తిరగబడటానికి ఉన్న కారణాల్లో అదొకటి. చేనేత కుటుంబాలేమో షోలాపూర్, బొంబాయి, భీవండి దారి పట్టాయి. అక్కడ సాంచాల మీద పని నేర్చినవాళ్లు తిరిగొచ్చాక, 1970ల తర్వాత, సిరిసిల్ల మరమగ్గాల ఊరైంది. సాంచాల చప్పుడు లేని గల్లీ లేదన్నట్టు పెరిగింది.

ఆ సాంచా ఒక రకం ఆకలిని తయారు చేసింది. కార్మికుడి కూలి నేసిన గుడ్డ లెక్కన వస్తుంది. పైన ఆసామి, ఆ పైన సేట్. నూలు రాకపోయినా, కరెంటు పోయినా, సూరత్ గుడ్డ చౌకగా దిగి సేట్ మాల్ ఎత్తకపోయినా సాంచా బంద్, దాంతో పొయ్యి బంద్. పైసలు చేతికొచ్చిన రోజు మాత్రం కూర ఉడుకుతుంది, పిల్లలకు మిఠాయి వస్తుంది. ఉన్ననాడు కడుపునిండా తినెయ్, రేపటి భరోసా లేదు. పడమటి దేశాల్లోనూ ఇదే కనబడింది. 1995లో విలియం డైట్జ్ అనే అమెరికా డాక్టర్ ‘ఆకలి వల్ల ఊబకాయం వస్తుందా’ అని సవాల్ వేస్తూ ఒక చిన్నారి కేసు రాశాడు. సర్కారీ సాయం మీద బతికే ఇల్లు. చెక్కు అందే ముందు రోజుల్లో ఇంట్లో సరుకు ఉండదు, అప్పుడు చౌకగా దొరికే కొవ్వు తిండితో కడుపు నింపుతారు. పిల్ల లావవుతుంది. లావుగా ఉన్న ఆ పిల్ల ఇంట్లో ఫాఖా ఉందని చూసినవాళ్లు ఎవరూ అనుకోరు.

1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. ఆ తర్వాత అంత్యోదయ కార్డులొచ్చాయి, 2002 నుంచి నెలకు 35 కిలోలు. అంతకు ముందు ఈ ఇలాఖాలో రోజువారీ తిండి మక్క గటుక, జొన్న రొట్టె, అంబలి. బియ్యం అన్నం పండుగ నాటి మాట. ఇప్పుడు మూడు పూటలా అన్నమే. షుగర్‌కు అదే కారణమని ఆ స్కీములను వెక్కిరించే మేధావులు కొందరు దొరుకుతారు. వాళ్లు ఎప్పుడూ ఖాళీ గిన్నె చుట్టూ కూర్చున్న పిల్లలను చూసి ఉండరు. ఆ బియ్యం జానులు కాపాడింది. తర్వాత దాని పక్కన పప్పు, కూరగాయలు, గుడ్డు రాకపోవడం బియ్యం కసూర్ కాదు.

ఇక అసలు సంగతి: ఆకలి తీరాక కూడా ఆకలి ఎందుకు మిగులుతుంది?

దీనికి అతి పెద్ద సుబూత్ అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ నుంచి వచ్చింది. యుద్ధంలో తుపాకీ పట్టనని జమీర్ మాట విన్న 36 మంది యువకులు ఒక తజుర్బాకు ఒప్పుకున్నారు. యూరప్‌లో ఆకలితో మాడిన జనానికి మళ్లీ తిండి ఎట్లా అలవాటు చేయాలో తెలుసుకోవాలని యాన్సెల్ కీస్ అనే సైంటిస్టు మన్సూబా. 1945లో 24 వారాల పాటు వాళ్లకు దాదాపు సగం తిండే పెట్టారు: ఆలుగడ్డ, రొట్టె, మాకరోనీ. బరువులో నాలుగో వంతు పోయింది. అప్పటికి రెండేళ్ల కిందటే, 1943లో, బెంగాల్ ఖహత్‌లో లక్షల మంది రాలిపోయారు, వాళ్లను మాత్రం ఒప్పుకుంటారా అని అడిగినవాడు లేడు.

ఆ 36 మంది తందురుస్త్, చదువుకున్న, ఇరాదా గట్టిగా ఉన్న మనుషులు. అయినా కొన్ని వారాల్లోనే తిండి తప్ప వేరే ఖయాల్ లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేశారు. పళ్లేలు నాకారు. చూయింగ్ గమ్ ఎంత నమిలారంటే దానికి హద్దు పెట్టాల్సి వచ్చింది. ఉదాసీ, చిరాకు, తన్హాయీ. ఆ తర్వాత అడిగినంత తినమన్నారు. చాలామందికి పొట్ట పగిలేలా తిన్నా ‘చాలు’ అనిపించలేదు. అది నెలల తరబడి సాగింది. పోయిన బరువు తిరిగొచ్చింది, ముందుగా కొవ్వు రూపంలో. ఇప్పుడు డైటింగ్ మానేసినవాళ్లు ఇంట్లో దొంగచాటుగా పడే తిప్పలన్నీ 1945 నాటి ఆ రికార్డులో ఉన్నాయి. వాళ్లకు ఎవరూ కంట్రోల్ లేదనలేదు, ఫాఖా చేశారన్నారు.

ఎందుకిట్లా అన్నది ఇంకో యాభై ఏళ్లకు తేలింది. కొవ్వులోంచే పుట్టి మెదడుకు ‘సరిపోయింది’ అని ఖబర్ పంపే లెప్టిన్ 1994లో, ఆకలిని లేపే గ్రెలిన్ 1999లో బయటపడ్డాయి. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాలు కఠినమైన డైట్ పెట్టి చూశారు. ఏడాది గడిచినా వాళ్ల ఒంట్లో ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంటే ఒళ్లు తగ్గిన బరువును ఖహత్ అనుకుంటుంది. అది ఝూటీ భూక్ కాదు.

సిరిసిల్లకు దగ్గరి సంగతి ఇంకొకటి. షికాగోలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదికి మనసు పోయింది. మనోళ్లు పన్నెండేసి గంటలు రాత్రి సాంచాల మధ్య నిలబడతారు. తెల్లారి నాలుగింటికి చాయ్, బన్ను, మిర్చీ బజ్జీ ఎందుకు లాగుతాయో మౌల్వీ సాబునో డాక్టర్ సాబునో అడగాల్సిన పని లేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి దుబాయ్, మస్కట్ పోయినవాళ్లది ఇంకో కిస్సా. పగలంతా ఎండలో మెహనత్, రాత్రి క్యాంపు గదిలో ఎనిమిది మంది మధ్య తన్హాయీ. ఇంటికి ఫోన్ చేశాక, పైసల ముచ్చట అయ్యాక, ఖుబూస్ మీద ఖుబూస్ దిగిపోతుంది. అది కడుపు అడిగింది కాదు. సచ్చీ భూక్ మెల్లగా లేస్తుంది, జొన్న రొట్టె పెట్టినా ఒప్పుకుంటుంది, తింటే పడుకుంటుంది. గమ్‌లోంచి వచ్చేది ఒక్కసారి మీదపడుతుంది, ఫలానాదే కావాలంటుంది, తిన్నాక షర్మ్ మిగులుస్తుంది. దానికి తిట్లు ఇలాజ్ కావు. తిట్లు ఇంకో గమ్, ఆ గమ్‌కు ఇంకో ముద్ద. నిద్రపోవడం, ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడుకోవడం, రోజూ వేళకు తినడం, పళ్లెంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడం, ఇట్లాంటివి నిదానంగా పనిచేస్తాయి. పూటలు ఎగ్గొట్టి మాడ్చుకుంటే మాత్రం మిన్నెసోటా తజుర్బాను మన వంటింట్లో మళ్లీ చేసినట్టే. షుగర్ గోళీలు వేసుకునేవాళ్లకైతే అది సీదా ఖతరా కూడా. తిండి మీద పట్టు పూర్తిగా తప్పిపోయి, తిన్నది కక్కేదాకా వస్తే, అది జిద్దు చేసే వక్త్ కాదు, డాక్టర్‌కు చూపించే వక్త్.

మూడో రకం ఆకలి ఒకటి ఉంది, దాని పేరు ఏ కితాబులోనూ నాకు దొరకలేదు. మా ఖాలా ఒకామె బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను సాకింది. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా కూర్చునే పని. పిల్లలు తిన్నాక మిగిలింది తినేది, మిగలనినాడు ‘నాకు కడుపు నిండింది’ అనేది. ఇప్పుడు ముగ్గురూ కమాయిస్తున్నారు, ఆమెకు షుగర్. తన అన్నం తిన్నాక మనవళ్ల పళ్లేల్లో మిగిలిన ముద్దలు పోగేసి తింటుంది. ఆకలై కాదు, గమ్‌తోనూ కాదు. పారేయలేదు, అంతే. డాక్టర్ రాసిచ్చిన పర్హేజ్ చార్టులో ఆ ముద్దలకు గడి లేదు. కోడలే ఉపాయం కనిపెట్టింది: కుక్కర్‌లో ఒక గ్లాసు బియ్యం తగ్గించి పోస్తున్నది, పిల్లలకు కొంచెం కొంచెం వడ్డించి మళ్లీ అడిగితేనే పెడుతున్నది. ఖాలాకు ఈ సంగతి తెలుసు. తెలియనట్టే ఖాళీ పళ్లేలు ఎత్తి కడగడానికి పోతుంది.