‘టాబ్లాయిడ్’: లండన్ అపకీర్తి, హిందూపురం జిల్లా పేపరు

‘టాబ్లాయిడ్’ అన్న మాటకు పుట్టిల్లు మందుల వ్యాపారం. 1884లో లండన్‌కు చెందిన బరోస్ వెల్‌కమ్ సంస్థ తన బిళ్లలకు ఈ పేరును వ్యాపారచిహ్నంగా నమోదు చేసుకొంది. పెద్ద మోతాదును చిన్న బిళ్లగా కుదించడమన్న భావం త్వరలోనే పత్రికలకూ పాకింది. 1901 జనవరి 1న న్యూయార్క్ ‘వరల్డ్’ పత్రికకు ఒక్కరోజు సంపాదకుడైన ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్, సగం పరిమాణంలో, పొట్టి వార్తలతో సంచికను వెలువరించాడు. 1903లో ఆయనే స్థాపించిన ‘డైలీ మిర్రర్’ మరుసటి ఏడాది బొమ్మల పత్రికగా మారాకే నిలదొక్కుకొంది. అప్పటికింకా ఆ మాటలో నింద లేదు. 1969లో రూపర్ట్ మర్డోక్ చేతికి వచ్చిన ‘సన్’ చిన్న పరిమాణంలోకి మారిన తరువాతి దశాబ్దాలలో కాగితపు కొలత వెనుకబడి, పత్రిక స్వభావం ఆ మాటకు ప్రధానార్థమైంది.

ఆ స్వభావానికి మచ్చుతునక 1989 నాటిది. ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జనం నలిగి ప్రాణాలు పోగా, నాలుగు రోజులకు ‘సన్’ తప్పంతా లివర్‌పూల్ అభిమానులదేనని మొదటి పుటలో ప్రకటించింది. శీర్షికకు అది ఎంచుకొన్న మాట ‘నిజం’. లివర్‌పూల్ నగరంలో చాలామంది నేటికీ ఆ పత్రికను కొనరు. 1843లో మొదలైన ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ పరుల ఫోన్ సందేశాలను దొంగచాటుగా విన్న ఉదంతంలో 2011 జులైలో మూతపడింది.

విచిత్రమేమంటే, అదే 1989లో ‘ఈనాడు’ జిల్లాకొక టాబ్లాయిడ్‌ను ప్రధాన పత్రికతో కలిపి ఇవ్వసాగింది. ఇతర తెలుగు దినపత్రికలూ ఆ బాట పట్టాయి. తెలుగులో ఈ మాట పరిమాణాన్నీ, స్థానికతనూ మాత్రమే సూచించింది. బ్రిటన్ మకిలి దానికి అంటలేదు. పాఠకుడికది ‘జిల్లా పేపరు’.

హిందూపురం ఇందుకు తగిన ఉదాహరణ. 1985 నుంచి మూడుసార్లు ఎన్.టి. రామారావును శాసనసభకు పంపిన ఈ పట్టణం ఎన్నికల వేళ మొదటి పుటకెక్కేది. తాగునీటి ఎద్దడి, పట్టుగూళ్ల ధర, చింతపండు మార్కెట్ వంటివాటికి చోటు దొరికింది మాత్రం జిల్లా పేపరులోనే. లండన్ టాబ్లాయిడ్‌కు ప్రముఖుడి పడకగది వార్త. ఇక్కడి టాబ్లాయిడ్‌కు ఎండిన కుళాయి వార్త. శీర్షికలలో శ్లేష మీద, ప్రాస మీద మోజు మాత్రం రెండింటికీ సమానం. మన శీర్షికలు ఆ మోజును లండన్ నుంచి తెచ్చుకోనక్కరలేదు. అవధానాలు విన్న జాతికి అది కొత్త విద్య కాదు.

స్థానిక వార్తకు బలం లేదనుకోరాదు. 1992లో నెల్లూరు జిల్లా పల్లెల్లో స్త్రీలు సాగించిన సారా వ్యతిరేకోద్యమం పత్రికల తోడుతో రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. అయితే ఆ వార్తలు నెల్లూరు పుటలకే పరిమితమై ఉంటే ఉద్యమ చరిత్ర వేరుగా ఉండేది. జిల్లా సంచిక లోపం ఇక్కడే ఉంది: ఒక జిల్లా గోడు పక్క జిల్లాకు చేరదు. హిందూపురం వాసికి గౌరిబిదనూరు రోజువారీ రాకపోకల ఊరు. అతని జిల్లా పేపరు పటం మాత్రం రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది.

తెలుగు పత్రికలకు అపకీర్తి వేరే దారిన వచ్చింది. 2009 ఎన్నికలలో డబ్బు పుచ్చుకొని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తగా అచ్చువేసిన తీరును ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనాగా పరిశీలించింది. ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010 నివేదికలో ఆ పరిశీలనకు చోటు దక్కింది. బ్రిటన్‌లో నేరం, దాచుకోదగినదాన్ని బయటపెట్టడం. ఇక్కడి నేరం, బయటపెట్టవలసిన బేరాన్ని దాచడం. రెండవది పాఠకుడి కంట పడదు గనుక మరింత ప్రమాదకరం.

2022 ఏప్రిల్ 4న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు అనంతపురం నుంచి విడివడి శ్రీసత్యసాయి జిల్లాలో చేరాయి. హిందూపురాన్నే జిల్లా కేంద్రం చేయాలని పట్టణంలో ఆందోళన జరిగినా, ఆ హోదా పుట్టపర్తికి దక్కింది. దానితో ‘జిల్లా వార్త’ అన్న మాటకు హద్దులు మారాయి: నిన్నటిదాకా సొంత జిల్లా వార్త అయిన అనంతపురం నగర వార్త, హిందూపురం పాఠకుడికి పొరుగు జిల్లా వార్త అయింది.