విమానమెక్కిన సంవత్సరం

ముంబై హైవే మీద లింగంపల్లి దాటాక కనిపించే ఫ్యాక్టరీల వరుస ఒక్క రోజులో పుట్టలేదు. 1960ల్లో చెకోస్లోవేకియా సాంకేతిక సాయంతో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వెలిసింది. 1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్, ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చాయి. ఐఐటీ 2008లో ఎద్దుమైలారంలోనే తాత్కాలికంగా మొదలై తర్వాత కందికి మారింది. నెలనెలా జీతం, కంపెనీ క్వార్టరు, పిల్లలకు ఇంగ్లీషు మీడియం బడి ఉన్న ఇళ్లు ఈ రోడ్డు పొడవునా పెరిగాయి. ‘మావాడు ఎమ్మెస్‌కు పోయిండు’ అన్న మాట అలాంటి ఇళ్లలో ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది.

పోయినవాళ్లు అక్కడ స్థిరపడిన తీరు మాత్రం ఏ తరానికా తరం మారిపోయింది. ఇంట్లో చర్చంతా దేశం గురించే సాగుతుంది: అమెరికానా, కెనడానా, జర్మనీనా? వందేళ్ల లెక్కలు తిరగేస్తే వాళ్ల బతుకును ఎక్కువగా నిర్ణయించింది దేశం కూడా కాదు, విమానమెక్కిన సంవత్సరం.

మందుల ఫ్యాక్టరీలతో నిండిన పటాన్‌చెరులో ఈ కథను యల్లాప్రగడ సుబ్బారావు దగ్గర మొదలుపెట్టడం సబబు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది, మామగారు కొంత డబ్బు కూడగట్టారు. ఇప్పటి భాషలో అది ‘ఫండ్స్ చూపించడం’. హార్వర్డ్‌లో చదువు, ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని. 1917 నాటి అమెరికా చట్టం ఆసియా వలసలకు తలుపు మూసినా విద్యార్థులకు మాత్రం సందు వదిలింది. 1923 ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. వచ్చి చదువుకోవచ్చు, ఆ దేశంవాడు మాత్రం కాలేడు.

ఆ స్థితిలోనే ఆయన హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేశారు, 1940లో లెడర్లీ కంపెనీలో చేరి అక్కడి పరిశోధన విభాగాన్ని నడిపారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు హెట్రజాన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, అన్నీ ఆయన బృందాల చలవే. 1946లో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ హక్కు ఇచ్చింది. వలస కోటా ఏడాదికి వంద మంది, దేశం మొత్తానికి! రెండేళ్లు దాటీ దాటగానే, 1948 ఆగస్టులో, అమెరికా పౌరుడు కాకుండానే సుబ్బారావు కన్నుమూశారు. ఆయనకు తెలివి తక్కువా, దేశం ఎంపికలో పొరపాటా? వెళ్లిన ఏడాది అలాంటిది.

వంద అన్న అంకె 1965 చట్టంతో చెరిగిపోయింది. 1968 జులై నుంచి ప్రతి దేశానికీ ఏడాదికి 20,000 దాకా అవకాశం. ఉస్మానియా, గుంటూరు, విశాఖ వైద్య కళాశాలల డాక్టర్లు, వాళ్ల వెనక ఇంజినీర్లు కదిలారు. 1977లో న్యూయార్క్‌లో మొదటి తెలుగు మహాసభ జరిగే నాటికి సంఘం పెట్టుకునేంత మంది పోగయ్యారు. చదువు కాగానే ఉద్యోగం, ఉద్యోగం వెంట గ్రీన్ కార్డు అన్న వరుస ఆ తరానిది. వాళ్లు ఇంటికి రాసిన ఉత్తరాల్లో వీసా బెంగ కన్నా చలి బెంగే ఎక్కువ ఉండి ఉంటుంది.

ఆ దారిని ఇప్పటి రూపానికి తెచ్చింది 1990 చట్టం. హెచ్-1బీ ఉద్యోగ వీసాలకు ఏడాదికి 65,000 అన్న పరిమితి దానిదే. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000 అని, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటకూడదని కూడా అందులోనే రాశారు. ఏడు శాతమంటే పది వేలకు కాస్త తక్కువ. అందులోనే భార్యా పిల్లలు కూడా. భారత్‌కూ అంతే, ఐస్‌లాండ్‌కూ అంతే. ఆ రోజున ఈ లెక్క ఎవరినీ భయపెట్టలేదు. తర్వాత అదే అందరి మెడకూ చుట్టుకుంది.

ఈ మొత్తం ఏర్పాటులో ఒక వింత ఉంది. 1952 చట్టంలోని 214(బి) సెక్షను ప్రకారం స్టూడెంట్ వీసా అడిగేవాడు చదువు కాగానే తిరిగొస్తానని అధికారిని నమ్మించాలి. హెచ్-1బీ వాడికి ఆ బాధ లేదు. ఉండిపోవాలన్న ఉద్దేశం ఉన్నా తప్పు లేదని చట్టమే ఒప్పుకుంటుంది. కాబట్టి పీఆర్ (శాశ్వత నివాసం) దాకా వెళ్లే బాటకు మొదటి మెట్టు ‘నాకు పీఆర్ వద్దు’ అని చెప్పడం. అవతల కూర్చున్న అధికారికి ఇది తెలియదా? తెలుసు. ఇవతల నిలబడ్డ కుర్రాడికీ తెలుసు. రెండు వైపులా ముఖం నిండా గంభీరంగానే ఉంటారు.

చాలా కాలం ఆ మాట చెప్పడానికి చెన్నై పోవాల్సి వచ్చేది. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం, పొద్దున్నే కాన్సులేట్ ముందు వరుస, ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు. 2006 మార్చిలో అధ్యక్షుడు బుష్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఇక్కడే కాన్సులేట్ పెడతామన్నాడు. 2008 అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అది తెరుచుకుంది. 2023 మార్చిలో నానక్‌రాంగూడలోని కొత్త భవనానికి మారింది. పటాన్‌చెరు పిల్లలకు ఇప్పుడు అది ఔటర్ రింగ్ రోడ్డు మీద కాసేపటి ప్రయాణం. స్లాటు దొరకడమే కష్టం.

చట్టంలో ఏ మెట్టు దేనికన్నా పైనో పైకి చూసి చెప్పలేమనడానికి సత్య నాదెళ్ల కథే సాక్ష్యం. 1988లో విస్కాన్సిన్-మిల్వాకీకి ఎమ్మెస్‌కు వెళ్లిన ఆయన 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, గ్రీన్ కార్డు కూడా సంపాదించారు. పెళ్లయ్యాక చిక్కొచ్చింది. గ్రీన్ కార్డు ఉన్నవాడి భార్య ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి. హెచ్-1బీ ఉన్నవాడి భార్య వెంటనే వచ్చేయొచ్చు. 1994లో ఆయన ఢిల్లీలోని అమెరికా ఎంబసీకి వెళ్లి గ్రీన్ కార్డు తిరిగిచ్చేసి హెచ్-1బీ అడిగారు. 2017లో వచ్చిన తన పుస్తకం ‘హిట్ రిఫ్రెష్’లో ఆయనే ఈ సంగతి రాశారు. జనం ప్రాణం పెట్టే కార్డును చేజేతులా వెనక్కిచ్చిన మనిషి మైక్రోసాఫ్ట్ ఆఫీసులో చిన్నపాటి పేరు తెచ్చుకున్నాడట. గ్రీన్ కార్డు క్యూ ఇప్పట్లా ఉంటే ఆ పని చేసే ధైర్యం ఎవరికుంటుంది?

వైటూకే రోజుల్లో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు కిటకిటలాడాయి. అమెరికా కాంగ్రెస్ హెచ్-1బీ పరిమితిని 2001 నుంచి మూడేళ్లపాటు 1,95,000కు పెంచింది. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తుంటే హెచ్-1బీకి ఉన్న ఆరేళ్ల గడువు దాటినా పొడిగించుకోవచ్చని 2000 నాటి చట్టమే అంది. అప్పట్లో అది వరంలా తోచింది. నిజానికి క్యూ ఎంత పొడుగైనా మనిషి అందులోనే బతికేసేలా చేసింది ఆ వెసులుబాటే. లోపలికి వచ్చేవాళ్లు పెరిగారు, గ్రీన్ కార్డుల ఏడు శాతం కదల్లేదు.

2007 వేసవిలో ఆ ఒత్తిడి బయటపడింది. జులైకి అందరి ప్రయారిటీ డేట్లూ ‘కరెంట్’ అయ్యాయని, అంటే క్యూలో అందరి వంతూ వచ్చిందని, వీసా బులెటిన్‌లో ప్రకటించి, తీరా జులై మొదలయ్యాక దరఖాస్తులు తీసుకోబోమన్నారు. మెడికల్ పరీక్షలు చేయించుకుని, సెలవులు రద్దు చేసుకుని కూర్చున్న భారతీయ ఉద్యోగులు గాంధీగిరికి దిగారు. ఆ మాటను జనంలోకి తెచ్చిన సినిమా ‘లగే రహో మున్నాభాయ్’ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇమిగ్రేషన్ శాఖ డైరెక్టరు పేరిట వందల పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి మళ్లించాడు. కొద్ది రోజులకే శాఖ దిగొచ్చి దరఖాస్తులు తీసుకుంది. ఆ నెలలో ఫైలు వేసినవాళ్లకూ ఆ తర్వాత వచ్చినవాళ్లకూ మధ్య ఒక గీత పడింది. 2024లో ఉద్యోగ గ్రీన్ కార్డుల రెండో వర్గమైన ఈబీ-2లో భారతీయులకు వంతు వచ్చింది 2012 నాటి దరఖాస్తులకు!

హెచ్-1బీ వైపూ అదే ఏడాది కోటా మొదటి రెండు రోజుల్లోనే నిండిపోయి లాటరీ వేయాల్సి వచ్చింది. అక్కడి నుంచి ఎమ్మెస్ లెక్కే మారింది. చదువయ్యాక ఏడాదిపాటు పని చేసుకోనిచ్చే ఓపీటీకి 2008లో సైన్సు, ఇంజినీరింగు వాళ్ల కోసం 17 నెలలు కలిపారు. 2016లో దాన్ని 24 నెలలు చేశారు. మొత్తం మూడేళ్లు, అంటే మూడు లాటరీలు. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు 2004 చట్టం విడిగా పెట్టిన 20,000 వీసాలు అదనం. పటాన్‌చెరు నుంచి మిస్సోరీ, టెక్సస్ యూనివర్సిటీలకు ఫీజు కడుతున్న తండ్రి కొంటున్నది డిగ్రీ ఒక్కటే కాదు, ఆ మూడు చీట్లు కూడా. కన్సల్టెన్సీలు దీన్ని ఎప్పుడో పసిగట్టాయి; రాష్ట్రంలో 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ అండతో పెరిగిన ఇంజినీరింగ్ కాలేజీలు వాటికి మనుషుల్ని అందించాయి.

ఆ ఆత్రం మీద దొంగలూ బతికారు. కాలిఫోర్నియాలోని నకిలీ ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద 2011 జనవరిలో అధికారులు దాడి చేసినప్పుడు చిక్కినవాళ్లలో అత్యధికులు తెలుగు విద్యార్థులు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు చూసి ఇక్కడ గగ్గోలు పుట్టింది. దాన్ని నడిపిన సుసాన్ సూకు 2014లో పదహారున్నరేళ్ల జైలు పడింది. 2019లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీని పెట్టింది సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వమే, వల వేయడానికి. మొదటి రోజుల్లోనే అరెస్టయిన 129 మంది భారతీయుల్లో ఎక్కువమంది తెలుగువాళ్లు. చేరినవాళ్లకు అంతా తెలుసన్నది ప్రభుత్వ వాదన. లాటరీ తగలక, హోదా నిలుపుకునే దారి దొరక్క చేరారన్నది తెలుగు సంఘాల వాదన. రెండింట్లోనూ నిజం ఉంది. కానీ తరగతులే లేని బడికి వేల డాలర్ల ఫీజు వసూలు చేసిన ప్రభుత్వాన్ని నిలదీసినవాళ్లు మన వైపు తక్కువ.

మిగతా దేశాల చరిత్ర పొట్టిది, ఎగుడుదిగుడులు మాత్రం తక్కువేం కావు. ఆస్ట్రేలియా 2001 నుంచి అక్కడ చదివినవాళ్లను అక్కడి నుంచే పీఆర్‌కు అడగనిచ్చింది. వంట కోర్సుకు, క్షౌర కోర్సుకు కూడా పాయింట్లు వచ్చేవి. బీటెక్ చేసినవాళ్లు మెల్‌బోర్న్‌లో వంట నేర్చుకోవడం ఆ కాలపు వేడుక. 2009లో భారతీయ విద్యార్థుల మీద దాడులు జరిగాయి, 2010 ఫిబ్రవరిలో ఆ పాయింట్లు తెచ్చే వృత్తుల జాబితానే రద్దయింది. సగం చదువులో ఉన్నవాళ్లు నట్టేట మిగిలారు. బ్రిటన్ చదువయ్యాక పనిచేసుకునే వీసాను 2012లో ఆపేసి, 2021లో రెండేళ్ల గ్రాడ్యుయేట్ రూట్‌గా మళ్లీ తెరిచింది. 2027 నుంచి అది చాలామందికి పద్దెనిమిది నెలలే. కెనడా 2008లో మూడేళ్ల వర్క్ పర్మిట్, 2015లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ తెచ్చి, 2024 జనవరిలో స్టడీ పర్మిట్లకే పరిమితి పెట్టింది.

కంది ఐఐటీకి మాత్రం ఇంకో దిక్కు చూపించేవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. క్యాంపస్ కట్టడానికి జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా అప్పిచ్చింది. ఇక్కడ చదివినవాళ్లు జపాన్ యూనివర్సిటీల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేందుకు స్కాలర్‌షిప్పులూ పెట్టింది. 2017 ఏప్రిల్ నుంచి జపాన్ పాయింట్ల పద్ధతిలో 80 తెచ్చుకున్న నిపుణుడు ఒక్క ఏడాదికే శాశ్వత నివాసం అడగొచ్చు. అమెరికాలో పుష్కరం పట్టే పని అది. అయినా ఆ వైపు నడిచినవాళ్లు కొద్దిమందే. జపనీస్ రావాలన్న జంకు ఒకటి, అక్కడ మేనమామో అన్నో లేకపోవడం ఇంకొకటి. దారి చూపే చుట్టం లేనిచోటికి మనవాళ్లు త్వరగా కదలరు.

2025 సెప్టెంబరు 19న ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు. అక్టోబరులో ఇచ్చిన వివరణ ప్రకారం అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్లకు అది వర్తించదు. దాంతో హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ నేరుగా హెచ్-1బీ మీద పోవాలనుకున్నవాళ్లు మళ్లీ ఎమ్మెస్ లెక్కలు వేసుకోవాల్సి వచ్చింది. డిసెంబరులో ఖరారైన ఇంకో నిబంధన లాటరీనే మార్చింది: జీతం మొదటి స్థాయిలో ఉంటే పేరు ఒక్కసారి, నాలుగో స్థాయిలో ఉంటే నాలుగుసార్లు వేస్తారు. ఎమ్మెస్ ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరేవాడు చాలాసార్లు మొదటి రెండు స్థాయిల్లోనే ఉంటాడు.