టెక్నికల్ రైటింగ్: ఏ డిగ్రీ చదవాలి? రేపు ఉద్యోగం ఉంటుందా?

కొత్త మిక్సీతో పాటు వచ్చే చిన్న పుస్తకం, బ్యాంకు యాప్‌లోని ‘హెల్ప్’ పేజీ, ఆసుపత్రి యంత్రాన్ని ఎలా నడపాలో చెప్పే గైడ్... వీటిని రాసేవాళ్లే టెక్నికల్ రైటర్లు. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల్లో ఈ ఉద్యోగం చాలా ఏళ్లుగా ఉంది. కానీ ఇంటర్ అయిన పిల్లల చదువు గురించి ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు దీని పేరు పెద్దగా వినపడదు.

ఏ డిగ్రీ కావాలి?

డాక్టర్‌కు ఎంబీబీఎస్, లాయర్‌కు ఎల్‌ఎల్‌బీ లాగా దీనికి తప్పనిసరి డిగ్రీ అంటూ లేదు. బీటెక్, బీఎస్సీ, ఎంసీఏ చదివినవాళ్లూ, ఎంఏ ఇంగ్లిష్ చేసినవాళ్లూ ఇందులో ఉన్నారు. అమెరికాలో టెక్నికల్ కమ్యూనికేషన్‌కే పీహెచ్‌డీ వరకు కోర్సులున్నాయి. మన దగ్గర అలాంటివి తక్కువ. హైదరాబాద్‌లో భాష మీద పట్టుకు ఇఫ్లూ ఉంది. ఉర్దూ మీడియం పిల్లలకు 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో కంప్యూటర్ కోర్సులు, అనువాద శాఖ ఉన్నాయి.

ఏఐ వచ్చాక?

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక మామూలు గైడ్ల చిత్తుప్రతి నిమిషాల్లో తయారవుతోంది. అమెరికాలో 1953 నుంచి చరిత్ర ఉన్న టెక్నికల్ రైటర్ల సంఘం ఎస్‌టీసీ 2025 జనవరిలో మూతపడింది. దానికి కారణం ఆర్థిక ఇబ్బందులు. అందుకని వృత్తే పోయిందనుకోనక్కర్లేదు. అయితే వాక్యాలు సరిదిద్దడం ఒక్కటే తెలిసినవాళ్లకు ఇకపై కష్టమే.

ఇంజనీర్‌ను కూర్చోబెట్టి సరైన ప్రశ్నలు అడగడం, యాప్‌ను స్వయంగా వాడి చూడడం, ఏఐ ధీమాగా రాసిన తప్పును పట్టుకోవడం ఇంకా మనిషి పనే. ఆసుపత్రి యంత్రం గైడ్‌లో ఒక్క మెట్టు తప్పితే రోగి ప్రాణం మీదకొస్తుంది. ఆ జిమ్మేదారీ యంత్రం తీసుకోదు.

ఫీజు కట్టే ముందు

‘సర్టిఫికెట్ ఇస్తాం, ఉద్యోగం గ్యారంటీ’ అనే కోర్సులకు వేలకు వేలు కట్టే ముందు గూగుల్ ఉచితంగా ఇచ్చే టెక్నికల్ రైటింగ్ పాఠాలు చేసి చూడాలి. మార్క్‌డౌన్, గిట్ నేర్చుకోవాలి. ఆ తర్వాత ఏపీఐ డాక్యుమెంటేషన్, డీటా వైపు వెళ్లవచ్చు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల గైడ్లలో తప్పులు సరిచేసి పంపితే, ఆ పని అందరికీ కనిపించేలా పేరుతో సహా రికార్డవుతుంది.

ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లడానికి చాలా కంపెనీల్లో డిగ్రీ కావాలి కాబట్టి దాన్ని మధ్యలో ఆపకూడదు. లోపలికి వెళ్లాక మాత్రం అడిగేది ఒకటే: ‘మీరు రాసినవి రెండు మూడు చూపించండి.’ డిగ్రీ చదివే మూడేళ్లలోనే అవి సిద్ధం చేసుకోవాలి.