ఒక్క గుణింతం మారిన ఊరు



స్పెయిన్ దేశపు ఉత్తర భాగాన బుర్గోస్ అనే జిల్లాలో ఒక చిన్న పల్లె ఉంది. మన దగ్గర ఒక వీధికి సరిపోయేంత జనం, 50, 60 మంది. 2015 వరకు దాని పేరు కాస్త్రీయో మాతాహుదీయోస్. కాస్త్రీయో అంటే చిన్న కోట. మిగిలిన మాటకు అర్థం ‘యూదులను చంపు’. పొరుగూరివాళ్లు ఎగతాళికి పెట్టిన పేరు కాదిది. ప్రభుత్వ కాగితాల్లో, రోడ్డు పక్క బోర్డు మీద ఉన్న పేరే.

‘మీది ఏ ఊరు?’ అని ఎవరైనా అడిగితే ఆ మాట నోటితో చెప్పాలి. చెప్పి, ‘మేము అలాంటివాళ్లం కాదండి’ అని వెంటనే సర్దుకోవాలి.

విచిత్రమేమిటంటే, ఆ ఊరిని నిలబెట్టినవాళ్లలో యూదులే ఉన్నారు. దగ్గరలో కాస్త్రోహెరిస్ అనే పట్టణం ఉంది. 1035లో రాజు చనిపోగానే అక్కడి జనం యూదుల మీద పడి సుమారు 60 మందిని చంపారు. బ్రతికినవాళ్లు ఈ దిబ్బ మీదికి వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. అందుకే ఊరికి ‘మోతా దె హుదీయోస్’ అని పేరు వచ్చింది, అంటే యూదుల దిబ్బ. ప్రాణం దక్కించుకున్నవాళ్ల ఊరన్నమాట.

తరువాత 1492 మార్చి 31న రాజు ఫెర్డినాండ్, రాణి ఇసబెల్లా ఆజ్ఞ ఇచ్చారు: యూదులు బాప్తిస్మమైనా తీసుకోవాలి, దేశమైనా విడిచిపోవాలి. ఉండిపోయినవాళ్ల మీద విచారణ సభల నిఘా తరాల తరబడి సాగింది. శనివారం పొగ రాని పొయ్యి, పంది మాంసం ముట్టని చెయ్యి, ఇలాంటివే ఫిర్యాదుకు చాలేవి. 1627 నాటి ఒక కాగితంలో ‘మోతా’ కాస్తా ‘మాతా’ అయి కనిపిస్తుంది. రాసినవాడి చేతి తప్పు కావచ్చని కొందరంటారు. మతం మారినవారి వారసులు, తమ మీద అనుమానం రాకుండా తామే ఆ పేరు తగిలించుకొని ఉంటారని మరికొందరంటారు. నాకు రెండవదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. తన తాతలను చంపమనే మాటను తన గుమ్మం మీదే రాసుకోవాలంటే ఎంత భయం ఉండాలి! ఆ భయం పెట్టినవాళ్ల చేతుల్లో ఉన్నది మన సిలువేనని చెప్పక తప్పదు.

మరొక సంగతి. స్పెయిన్‌లోనే లెయోన్ ప్రాంతంలో శ్రమల వారంలో నిమ్మరసం కలిపిన ద్రాక్షారసం తాగుతారు. అలా తాగడాన్ని ఇప్పటికీ ‘యూదులను చంపడం’ అనే పిలుస్తారు. తాగేవాళ్లలో చాలామందికి ద్వేషమేమీ ఉండదు, అలవాటు మాట. మంచి శుక్రవారం ఏడు మాటలు ధ్యానించేటప్పుడు ‘యూదులు చంపారు’ అనే వాక్యం దగ్గర నేను ఎందుకు ఆగి ఆగి మాట్లాడతానో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. ప్రభువు యూదుడే, ఆయన తల్లీ, పేతురూ యూదులే.

2014 మే 25న ఆ ఊరివాళ్లు ఓటు వేసుకున్నారు. పేరు మార్చాలని 29 మంది, వద్దని 19 మంది. ఆ 19 మందినీ యూదద్వేషులనుకోవడం నాకు ఇష్టం లేదు. తాతల సమాధులు ఉన్న ఊరి పేరును ముసలివాళ్లు అంత తేలికగా వదులుకోరు. మరుసటి ఏడు, 2015 జూన్‌లో, ప్రభుత్వ ఆమోదం వచ్చింది. ‘మాతా’ మళ్లీ ‘మోతా’ అయింది. తెలుగులో రాస్తే ఒక్క గుణింతమే తేడా.

వాళ్లు ఏ పరిశుద్ధుని పేరో పెట్టుకొని పాతదంతా కప్పేయవచ్చు. అలా చేయలేదు. యూదుల పేరును ఊరి పేరులో ఉంచారు, చంపడాన్ని మాత్రమే తీసేశారు. బైబిలులో ఆకోరు లోయ కూడా ఇలాంటిదే. ఆకాను చేసిన పాపం వల్ల ఆ చోటికి శ్రమ అనే పేరు వచ్చింది. హోషేయ కాలానికి దేవుడు ఆ లోయ పేరును చెరిపివేయలేదు, దానినే నిరీక్షణ ద్వారంగా చేస్తానన్నాడు.

పేరు మారినంత మాత్రాన అంతా సర్దుకోలేదు. 2021 డిసెంబరులో ఎవరో ఆ ఊరి బోర్డుల మీద యూదద్వేషపు రాతలు రాసిపోయారు.

అన్నట్టు, మన సంఘంలో కీబోర్డు వాయించే తమ్ముళ్లకు ఒక మాట. 1510లో ఇదే ఊరిలో అంటోనియో దె కబెసోన్ పుట్టాడు. చిన్నప్పుడే చూపు పోయింది. అయినా రాజు రెండవ ఫిలిప్పు ఆస్థానంలో ఆర్గాను వాయించాడు. ఆయన చనిపోయాక, 1578లో కొడుకు ఆ సంగీతాన్ని అచ్చు వేయించాడు. దానిని ఇప్పటికీ వాయిస్తున్నారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో మీలో చాలామందికి ముందే తెలిసిపోయి ఉంటుంది. ఊరి చివర ఉండే మన వాడలకు కులం పేర్లు ఎవరు పెట్టారో మనకు తెలుసు. ఆధార్ కార్డు చూపించమంటే చిరునామా మీద బొటనవేలు పెట్టి చూపించే పిల్లలున్నారు. కాలేజీలో ఊరి పేరు అడిగితే మండలం పేరు చెప్పి ఊరుకుంటారు. మహారాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో ఇలాంటి కులం పేర్ల వాడలకు కొత్త పేర్లు పెట్టాలని నిర్ణయించింది. కేరళలో 2024 జూన్‌లో, ‘కాలనీ’ అనే మాటే అవమానంగా మారిందని, దాన్ని వాడవద్దని ఉత్తర్వు ఇచ్చారు.

మన దగ్గర కూడా కొందరు యవ్వనస్థులు పేరు మార్చమని అర్జీ పెడదామంటున్నారు. పెట్టండి, నేనూ సంతకం చేస్తాను. కానీ దానికి ముందు ఒక పని చేయండి. వాడలో 80 ఏళ్లు దాటిన అమ్మమ్మలను, తాతయ్యలను కూర్చోబెట్టి, ఈ చోటును పూర్వం ఇంకేమైనా పేరుతో పిలిచేవారా, ఏ చెట్టు పేరునో, ఏ కుంట పేరునో, అని అడగండి. పాత పట్టాలు, దస్తావేజులు ఎవరి పెట్టెల్లోనైనా ఉంటే తీసి చూడండి. కాస్త్రీయోవాళ్లకు తమ అసలు పేరు పాత కాగితాల్లోనే దొరికింది. దొరికినవి రాసుకొని ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరకు తీసుకురండి.