పదేళ్ళ మాట

మా ఆఫీసులో నేను చూసుకునే సర్వర్లు నాలుగు. నాలుగూ సెంటాస్ 7 మీదే నడుస్తున్నాయి. 2024 జూన్ 30తో దానికి నూకలు చెల్లిపోయాయి. ఆ తర్వాత ఏ రంధ్రం బయటపడినా పూడ్చేవాళ్ళుండరు. "ఈసారి పదేళ్ళదాకా కదిలించక్కర్లేనిది చూడు" అన్నాడు మా మేనేజరు. చిన్న మాటే. జవాబు కోసం మాత్రం ఇరవయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

నాకు లైనక్సు పరిచయమైంది ఇంజనీరింగు హాస్టల్లో. అడిగినవాళ్ళకల్లా ఉబుంటు సీడీలు ఉచితంగా పోస్టులో వచ్చే రోజులవి. ఆర్నెల్లకో కొత్త వెర్షను వస్తే మాకు పండగే. ఉద్యోగంలో చేరి సర్వర్లు చేతికొచ్చాక తెలిసింది, కొత్తది రావడం పండగ కాదు, పని అని. నిన్న నడిచింది రేపూ నడవాలి. అంతే కావాలి.

ఆ "అంతే"కి ఖరీదు కట్టింది రెడ్ హ్యాట్. అందరికీ ఊరికే దొరికే రెడ్ హ్యాట్ లైనక్సు 2003లో వచ్చిన 9వ వెర్షనుతో ఆగిపోయింది. 2004 ఏప్రిల్ 30తో దాని మద్దతూ అయిపోయింది. కొత్తదనం కావాలంటే ఫెడోరా, నిలకడ కావాలంటే చందా కట్టి ఎంటర్‌ప్రైజ్ లైనక్సు. అయితే దాని సోర్సు కోడు బయటే ఉండేది. కొందరు ఆ కోడు తీసుకుని, పేరూ గుర్తులూ తొలగించి, మళ్ళీ కంపైల్ చేసి ఉచితంగా పంచారు. 2004లో సెంటాస్ అలా పుట్టింది. ఫెర్మీల్యాబ్, సెర్న్ వాళ్ళు ఇదే పద్ధతిలో సైంటిఫిక్ లైనక్సు చేసుకున్నారు.

ఎన్నో కంపెనీలు సెంటాస్ మీద నడిచాయి. దాని వెనకున్నది మాత్రం గుప్పెడు మంది. 2009 జూలైలో ఆ గుప్పెడు మందే ఒక బహిరంగ లేఖ రాశారు. డొమైన్ పేరూ, విరాళాల డబ్బూ ఒక్క మనిషి చేతిలో ఉన్నాయి, ఆయన అందుబాటులో లేరు, దయచేసి మాట్లాడండి అని. కొద్దిరోజుల్లో సర్దుకుంది కానీ, ఆ ఇల్లు ఎంత సన్నని స్తంభం మీద నిలబడిందో అందరికీ కనబడింది.

2014లో రెడ్ హ్యాటే సెంటాస్‌ని తన పంచన చేర్చుకుంది. 2019 జూలైలో 34 బిలియన్ డాలర్లకి రెడ్ హ్యాట్ ఐబీఎం చేతికొచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో సెంటాస్ 8 వచ్చింది, 2029 మే దాకా ఉంటుందన్నారు. 2020 డిసెంబరు 8న మాట మారింది: 2021 డిసెంబరు 31తో ఆఖరు. పదేళ్ళనుకున్నది రెండేళ్ళ చిల్లరకి కుదించుకుపోయింది. పాత 7 మాత్రం 2024 దాకా తన గడువు తాను పూర్తి చేసుకుంది. నేను 8కి మారకుండా బతికిపోయాను. తెలివితేటలనుకునేరు, ఒట్టి బద్ధకం.

ఆ తర్వాత 2021లో ఆల్మా లైనక్స్, రాకీ లైనక్స్ వచ్చాయి. సెంటాస్ తొలినాళ్ళలో పనిచేసి చనిపోయిన రాకీ మెక్‌గా పేరే రెండోదానికి పెట్టారు. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్సు సోర్సుని బయట పెట్టడం మానేసి, బయటివాళ్ళకి సెంటాస్ స్ట్రీమ్ చాలంది. దాంతో ఆల్మా అచ్చుగుద్దినట్టు నకలు చేయడం వదిలి, అక్కడ నడిచే ప్రోగ్రాములు ఇక్కడా నడిస్తే చాలనుకుంది.

ఇంకోపక్క డెబియన్. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టాడు. యజమాని కంపెనీ లేదు. 1997లో వాడేవాళ్ళకి ఇచ్చిన మాటని సామాజిక ఒప్పందంగా రాసుకున్నారు. తొందర వాళ్ళకి తెలీదు. 2002లో వచ్చిన 3.0 తర్వాత 3.1 రావడానికి దాదాపు మూడేళ్ళు పట్టింది. ఒక్కో వెర్షనుకి అయిదేళ్ళ మద్దతు అన్నది కూడా 2014లో మొదలైందే. కానీ ఒక వెర్షను నుంచి తర్వాతిదానికి అక్కడికక్కడే మారే దారి వేసి ఉంచారు.

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఒకటే. ఎన్నేళ్ళు అని కాదు, ఎవరు చెబుతున్నారు, వాళ్ళ మాట మారితే మనం బయటపడే దారేది అని అడగాలి. వీసా స్టాంపు మీద తేదీ చూసుకుంటూ బతికే మాబోటివాళ్ళకి ఇది కొత్త పాఠమేం కాదు. అయినా సర్వర్ల దగ్గర మర్చిపోయాను.

మూడింటికి డెబియన్ 12 అన్నాను. నాలుగోదాని మీదున్న డేటాబేసు రెడ్ హ్యాట్ కుటుంబం దాటి రాదు, దానికి ఆల్మా 9. "డెబియన్‌కి పదేళ్ళు కాదు, 2028 దాకానే" అని కూడా చెప్పేశాను. మేనేజరు మొహం కాస్త ముడుచుకున్నాడు. "అప్పుడు మళ్ళీ మార్చాలా?" అన్నాడు. మార్చాలన్నాను. ఆ మార్చే పద్ధతిని ఇప్పుడే రాసిపెడుతున్నాను, అప్పటికి ఈ కుర్చీలో నేనున్నా, ఇంకెవరున్నా పనికొచ్చేలా.

రెండు సర్వర్లు అయిపోయాయి. మూడోది ఈ శనివారం రాత్రి.